పసుపు టోపీల బస్సు

మా వదినకు బస్సుల గురించి ఎవరైనా చెప్పబోతే ఒళ్ళు మండుతుంది. పెళ్ళయిన కొత్తలో కండక్టరుగా చేరి, జుట్టు సగం నెరిసేదాకా ఆ ఉద్యోగమే చేస్తున్న మనిషి. కళ్ళు మూసుకుని కూర్చున్నా ఇంజను చప్పుడు విని బస్సు ఏ డిపోదో చెప్పేస్తుంది. అలాంటి మనిషి మమ్మల్ని వెంటబెట్టుకుని తప్పు బస్సు ఎక్కించిందంటే మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. అన్నయ్యయితే, "మీరిద్దరూ ఏదో వాగి దాన్ని కంగారు పెట్టి ఉంటారు" అని తప్పంతా మామీదికే తోసేశాడు.

ఆ ఇద్దరిలో ఒకదాన్ని నేను. బజారువీధిలో జాకెట్లు కుట్టే దుకాణం నాది. రెండోది నర్సక్క. దుకాణానికి ఎదురుగా ఉన్న ఆస్పత్రిలో పనిచేస్తుంది. డ్యూటీ దిగగానే నా దగ్గరికొచ్చి, కుట్టుమిషను పక్కన స్టూలు మీద కూర్చుని టీ తాగందే ఇంటికి వెళ్ళదు. విదేశం చూసి రావాలన్న ఆలోచన అక్కడే పుట్టింది. "ఎంతమందిని డిశ్చార్జి చేసి పంపించానో. నన్ను మాత్రం ఎవరూ డిశ్చార్జి చెయ్యరేం?" అంది నర్సక్క ఓ రోజు. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన వదిన ఆ మాట విని, "పదండి, ముగ్గురం పోదాం" అంది. అంతే. అన్నయ్యను కూడా రమ్మంటే, "మీ ముగ్గురి మధ్యలో నేనా? నాకు చెవులు కావాలి" అని దండం పెట్టేశాడు.

ఆ దేశంలో దిగిన దగ్గర్నుంచీ మాకు సంతోషంతో తల తిరుగుతూనే ఉంది. ఒక్కో ఇంటికి ఒక్కో రంగు. మేడ మీంచి తాడుతో బుట్ట దింపి, కింద బండివాడితో బేరమాడి కూరలు పైకి లాక్కునే ఆడవాళ్ళు. కూడలిలో బూర ఊదుతూ చెప్పులమ్మే మనిషి. ఇద్దరు మాట్లాడుకుంటుంటే కొట్టేసుకుంటారేమోనని మేం ఆగి చూసేవాళ్ళం. వాళ్ళేమో చివరికి పడీపడీ నవ్వుకుని, భుజాలు తట్టుకుని, ఎవరి దారిన వాళ్ళు పోయేవారు. భాష ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా వదిన ప్రతి దుకాణంలోనూ తెలుగులోనే బేరమాడేది, వాళ్ళు వాళ్ళ భాషలో ఒప్పుకునేవారు.

మమ్మల్ని తీసుకొచ్చిన గైడుగారు మన భాషవాడే. బట్టతల, చేతిలో చిన్న ఎర్రజెండా. ఆ జెండా వెనకాల నడిచి నడిచి అందరికీ విసుగొచ్చిందని గమనించాడో ఏమో, ఓ రోజు సెలవిచ్చాడు. "ఊళ్ళో పెద్ద చెరువుంది, పడవల మీద తిరగొచ్చు. బస్టాండులో నీలం బస్సెక్కితే నేరుగా అక్కడే దింపుతుంది. చీకటి పడేలోగా హోటల్‌కి వచ్చెయ్యండి" అన్నాడు.

"నంబరెంత?" అని నర్సక్క అడగబోతే, "నంబరు దేనికి? నేనున్నాను కదా" అంది వదిన.

బస్టాండు తిరునాళ్ళలా ఉంది. నీలం బస్సు మాత్రం దూరాన్నుంచే కనిపించింది. తలుపు దగ్గర జనం తోసుకుంటున్నారు. లావుపాటి అద్దాలు పెట్టుకున్న పెద్దాయన ఒకాయన ఎక్కే ప్రతివాళ్ళ నెత్తి మీదా పసుపు టోపీ పెడుతున్నాడు. మా ముగ్గురి నెత్తి మీదా పెట్టాడు.

"టోపీలిస్తున్నారేంటి వదినా?" అన్నాను.

"ఎండ కదమ్మాయ్. మన డిపోవాళ్ళకు ఇలాంటి బుద్ధి ఎప్పుడొస్తుందో" అంది వదిన మెచ్చుకోలుగా.

టికెట్టు అడిగితే ఆ పెద్దాయన నవ్వేసి, వదిన వీపు మీద చెయ్యేసి లోపలికి నెట్టాడు. ముగ్గురం వరసగా ఒక సీట్లో సర్దుకున్నాం. కిటికీ పక్కన నర్సక్క, మధ్యలో నేను, నడవ వైపు వదిన. అందరూ ఎక్కాక పెద్దాయన పెన్సిలు ఆడిస్తూ తలలు లెక్కపెట్టుకుని, సరిపోయిందన్నట్టు బొటనవేలు పైకెత్తాడు. బస్సు బయల్దేరింది.

బయల్దేరీ బయల్దేరకముందే పాట మొదలైంది. ఒకాయన డబ్బా మీద దరువేస్తుంటే మిగతావాళ్ళు చప్పట్లతో అందుకున్నారు. ఉడికించిన గుడ్ల బుట్ట ఒకటి వరస వరసకూ తిరుగుతూ మా దగ్గరికి వచ్చింది. వెనక సీట్లోని పెద్దావిడ, పండిన జుట్టు, మోచేతుల దాకా కాలిన మచ్చలు, ఒక గుడ్డు ఒలిచి నేరుగా నా నోట్లో పెట్టేసింది.

"ఎంత మర్యాదైన సిటీ బస్సో" అన్నాను, నోరు ఖాళీ అయ్యాక.

అంతలో నర్సక్క కిటికీకి ముక్కు ఆనించింది. "వదినా, అదిగో చెరువు. పడవలు కూడా ఉన్నాయి."

"ఉంటాయి మరి."

"అవి వెనక్కి పోతున్నాయి."

"స్టాపు ముందుంటుందిలే. నువ్వు కంగారు పడకు."

చెరువు అయిపోయింది. ఊరు అయిపోయింది. బస్సు కొండదారి పట్టింది. వదిన అప్పటిదాకా కూర్చున్న తీరు మారింది. నడుం నిటారుగా పెట్టి, మలుపు మలుపుకూ రోడ్డు వంక, డ్రైవరు వంక చూడడం మొదలుపెట్టింది. తర్వాత లేచి, "హోల్డాన్" అని కేకేసి, అరచేత్తో బస్సు పక్కరేకును దబదబమని బాదింది. ఆ డ్రైవరుకు తెలుగు రాదు. కానీ ఆ చప్పుడు విన్నాక బ్రేకు వెయ్యని డ్రైవరు ఎక్కడా ఉండడు కాబోలు, బస్సు ఠక్కున ఆగింది.

పాట కూడా ఆగింది. అందరూ మావైపు తిరిగారు. వదిన గొంతు సవరించుకుని, "మేం చెరువు దగ్గర దిగాలి. పడవ, పడవ" అంటూ రెండు చేతులతో తెడ్డు వేస్తున్నట్టు అభినయించి చూపించింది.

డబ్బా ఆయన ముఖం వెలిగిపోయింది. టపటపమని దరువందుకున్నాడు. బస్సు బస్సంతా తెడ్లు వెయ్యడం మొదలుపెట్టింది. ముందుకూ వెనక్కూ ఊగుతూ, వదిన ఎటు వేస్తే అటు వేస్తూ కొత్త పాటొకటి ఎత్తుకున్నారు. డ్రైవరు కూడా ఒక చేత్తో తెడ్డు వేస్తూ బండి ముందుకు పోనిచ్చాడు. వదిన ఏం చెయ్యాలో తోచక తెడ్డు వేస్తూనే సీట్లో కూలబడింది. నేనూ నర్సక్కా ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళం పడి నవ్వుతుంటే, "నోర్ముయ్యండే" అని పళ్ళ బిగువున కసిరింది.

ఆ పాట నడుస్తుండగానే పెద్దాయన ఫోను మోగింది. చెవి దగ్గర పెట్టుకున్నవాడు వెంటనే దూరంగా జరిపేశాడు. అవతలినుంచి ఆడగొంతులు, ఒకటి కాదు, కలగలిసి అరుస్తున్న అరుపు మా సీటు దాకా వినపడింది. పెద్దాయన మళ్ళీ తలలు లెక్కపెట్టాడు. లెక్క సరిగ్గానే ఉంది. ఫోను వంక చూశాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. అప్పుడు లేచి, ఒక్కో టోపీ అంచు పైకెత్తి కింద ముఖం చూసుకుంటూ నడవలో మెల్లగా రావడం మొదలుపెట్టాడు.

మా దగ్గర ఆగాడు. వదిన టోపీ ఎత్తాడు. నా టోపీ ఎత్తాడు. నర్సక్క టోపీ ఎత్తేసరికి, ఇంజెక్షను చేసేముందు నవ్వే నవ్వొకటి నవ్వింది నర్సక్క.

వెనక సీటు పెద్దావిడే మొదట నవ్వింది. కిటికీ ఊచ పట్టుకుని, ఊపిరాడక, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వింది. ఆమెను చూసి మిగతావాళ్ళు. కాసేపటికి పెద్దాయన కూడా అద్దాలు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది.

తర్వాత ఆయన మాకు విషయం చేతులతో చెప్పాడు. టోపీ మీది బొమ్మ చూపించాడు. అప్పటిదాకా మేం పట్టించుకోలేదు, అది మడత పెట్టిన చొక్కా. ఉతికినట్టు, పిండినట్టు, ఇస్త్రీ చేసినట్టు చేసి చూపించి, చెయ్యి తిప్పి బస్సులో అందరినీ చూపించాడు.

"లాండ్రీవాళ్ళు" అంది నర్సక్క. "పిక్నిక్‌కి పోతున్నట్టున్నారు. మనం ముగ్గురం ఎక్కడం వల్ల లెక్క సరిపోయి, వాళ్ళ ముగ్గురు ఆడవాళ్ళు బస్టాండులో ఉండిపోయారు."

వదిన ముఖం పాలిపోయింది. "టికెట్టు లేనివాళ్ళని నా చేత్తో ఎంతమందిని దింపానో. ఇప్పుడు నేనే ఇంకొకళ్ళ సీట్లో కూర్చున్నా. దిగండే, నడిచైనా పోదాం" అని సంచీ అందుకుంది. బయట ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. మనిషి జాడ లేదు. పెద్దావిడ వదిన చేతిలోంచి సంచీ లాక్కుని, దాని మీద కూర్చుని, ఇంకో గుడ్డు ఒలవడం మొదలుపెట్టింది. పెద్దాయన ఫోనులో ఏదో బతిమాలుకుని, వాళ్ళు వేరే బండిలో వస్తున్నారని చేత్తో స్టీరింగు తిప్పి చూపించాడు.

బస్సు ఆగిన చోట ఒక వాగు, దాని పక్కన పచ్చిక మైదానం. అప్పటికే అక్కడ ఇంకో బస్సుంది. దాని చుట్టూ ఆకుపచ్చ టోపీలు. అదే లాండ్రీకి ఊరి అవతల ఉన్న రెండో శాఖవాళ్ళని అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. రెండు టోపీలవాళ్ళూ ఒకళ్ళనొకళ్ళు పలకరించుకున్న తీరు చూస్తే తోడికోడళ్ళు గుర్తొచ్చారు. నవ్వులున్నాయి, చూపులు మాత్రం అవతలివాళ్ళ బుట్టలో ఏముందో తడుముతున్నాయి.

మొదటి పందెం దుప్పట్లది. తొట్టిలోంచి తడి దుప్పటి తీసి, ఇద్దరు పట్టుకుని పిండి, మడతపెట్టి, పరుగెత్తుకెళ్ళి బల్ల మీద పెట్టాలి. మావాళ్ళకు మనుషులు తక్కువ. పెద్దాయన మావైపు ఆశగా చూశాడు.

"పదవే" అంది నర్సక్క. "నువ్వు గుడ్డలతో బతికేదానివి, నేను రోజూ దుప్పట్లు మార్చేదాన్ని. మనకు తిరుగేముంది?"

తిరుగే తిరుగు. తడిసిన దుప్పటి మత్తిచ్చిన రోగిలా బరువుగా వేలాడింది. చెరో కొస పట్టుకుని మెలిపెట్టబోతే, ఇద్దరం ఒకే వైపు తిప్పుతున్నాం. దుప్పటి గిరగిరా తిరుగుతోంది తప్ప చుక్క నీరు రావడం లేదు. "అటు తిప్పక్కా" అంటే తను అటే తిప్పుతుంది, నేనూ అటే తిప్పుతాను. మూడోసారికి నవ్వొచ్చి చేతుల్లో బలం పోయింది. అందరూ బల్ల చేరుకున్నాక మేం దుప్పటిని చంటిపిల్లలా చంకనేసుకుని, నీళ్ళు కార్చుకుంటూ పరుగెత్తాం. దారిలో నర్సక్క కొస తొక్కి పడింది, నేను ఆమె మీద పడ్డాను. ఆకుపచ్చవాళ్ళు ఈలలేశారు. మావాళ్ళు మాత్రం గెలిచినవాళ్ళకు కొట్టినట్టే చప్పట్లు కొట్టారు.

అసలు పందెం తర్వాతది. పాత దుప్పట్లు మెలితిప్పి, ముడులేసి, మోకులా పేనారు. దాన్ని రెండు జట్లూ చెరోవైపు పట్టుకుని లాగాలి. అవతలివైపు చివర్న ఒకడు నిలబడ్డాడు. మనిషి కాదు, బీరువా.

"ఏం తిని పెరిగాడో" అంది వదిన. మా పెద్దాయన ఆమెను ఎగాదిగా చూసి, భుజాలు పట్టుకుని తీసుకెళ్ళి మావైపు చివర్న నిలబెట్టాడు. మనిషికి మనిషిని చూడగానే అంచనా తెలుస్తుంది. ఘాటురోడ్డు మలుపుల్లో ఊచ పట్టుకోకుండా నిలబడి టికెట్లు కొట్టిన కాళ్ళవి.

ఈల మోగింది. లాగాం. లాగడమంటే ఎవరికి తోచినప్పుడు వాళ్ళు లాగాం. బీరువా ఒక్క అడుగు వెనక్కి వేస్తే మేమంతా బిలబిలా ముందుకు కొట్టుకుపోయాం. నా చెప్పు ఒకటి ఎగిరి ఎవరి వీపుకో తగిలింది. ఇంకాస్తయితే గీత దాటిపోయేవాళ్ళమే. అప్పుడు వెనకనుంచి వదిన గొంతు లేచింది. కిక్కిరిసిన బస్సులో డ్రైవరు దాకా వినపడే గొంతది.

"వెనక్కి జరగండీ."

నేనూ నర్సక్కా అలవాటు కొద్దీ జరిగాం. మాతోపాటు ముందున్నవాళ్ళు రెండడుగులు వెనక్కి పడ్డారు.

"జరగండీ, జరగండీ. వెనకాల బోలెడు ఖాళీ ఉంది, జరగండీ."

పెద్దావిడ దాన్ని అందుకుంది. "జరగండీ." తర్వాత డబ్బా ఆయన. తర్వాత పసుపు టోపీలన్నీ. ఆ ఒక్క మాట మీద అందరి అడుగులూ కలిశాయి. దుప్పటి మోకు మావైపు వస్తోంది. బీరువా ముఖం ఎర్రబడింది.

సరిగ్గా అప్పుడే కూరగాయల వ్యాను ఒకటి హారను కొట్టుకుంటూ వచ్చి ఆగింది. దాని వెనకనుంచి ముగ్గురు ఆడవాళ్ళు దూకారు. ఒకామె జడలో మెంతికూర రెబ్బ ఇరుక్కుని ఉంది. వాళ్ళ టోపీలు మా నెత్తి మీద చూశారు. మెంతికూర ఆవిడ పమిట బిగించిన మనిషిలా విసవిసా నేరుగా నా దగ్గరికి వచ్చింది. ఆ కళ్ళు చూసి నేను మోకు వదిలేశాను. వదలగానే మా జట్టు జర్రున ముందుకు జారింది. ఆవిడ నన్నూ చూసింది, జారిపోతున్న మోకునూ చూసింది. కోపం సంగతి తర్వాత చూసుకుందామనుకుందో ఏమో, ఒక్క గెంతులో మోకు పట్టుకుంది. మిగతా ఇద్దరూ ఆమె వెనకే పట్టుకున్నారు.

ఆకుపచ్చవాళ్ళు ఊరుకుంటారా? ముగ్గురు ఎక్కువయ్యారని గోల పెట్టారు. రెండు జట్ల పెద్దలూ మధ్యలోకి వచ్చి చేతులు తిప్పుకున్నారు. వదిన కూడా వెళ్ళి, నడుం మీద చెయ్యి పెట్టి, న్యాయం ఎటుందో తెలుగులో చాలాసేపు వివరించింది. ఇద్దరూ తలాడిస్తూ విన్నారు. చివరికి తీర్పేమిటంటే, మా ముగ్గురినీ ఆకుపచ్చ జట్టుకు ఇచ్చెయ్యాలి.

"పెళ్ళి కాకుండానే కాపురం మార్చేశారు" అని నర్సక్క గొణుక్కుంటూ టోపీ మార్చుకుంది. వదినను తీసుకెళ్ళి బీరువా వెనకాల నిలబెట్టారు. అతను వెనక్కి తిరిగి భక్తిగా తల వంచాడు.

మళ్ళీ ఈల. వదినకు జట్టు మారినా గొంతు మారదు కదా.

"వెనక్కి జరగండీ."

మేం జరిగాం. అవతల పసుపువాళ్ళు కూడా జరిగారు. ఆ పిలుపు నేర్చుకున్నది వాళ్ళే మరి. వదిన "జరగండీ" అన్నప్పుడల్లా రెండు వైపులా ఒకే ఊపున లాగుతున్నారు. మోకు అటూ రాదు, ఇటూ రాదు. తీగలా బిగుసుకుని మధ్యలో సన్నగా మూలగడం మొదలుపెట్టింది. గుడ్డ సంగతి తెలిసినదాన్ని కనుక ఆ మూలుగేమిటో నాకు తెలిసింది. "వదినా, ఇక చాలు" అనేలోపే వదిన గుండెనిండా గాలి పీల్చుకుని ఇంకోసారి కేకేసింది.

పర్రుమని చిరిగింది.

అటు పసుపువాళ్ళు, ఇటు మేము, కోత కోసిన వరిలా వెనక్కి ఒరిగిపోయాం. వదిన పడింది, ఆమె కాళ్ళ మీద బీరువా పడ్డాడు, అతని పొట్ట మీద నేను పడ్డాను. నర్సక్క జారుకుంటూ వెళ్ళి వాగు నీళ్ళలో కూర్చుంది. ఆకాశం వైపు చూస్తూ, ఎవరి చెయ్యి ఎక్కడుందో తెలియకుండా పడుకుని అందరం నవ్వాం. ఆగిందనుకున్న నవ్వు ఎక్కడో ఒకరు కిసుక్కుమంటే మళ్ళీ మొదలయ్యేది. రెండు జట్ల పెద్దలూ చెరో దుప్పటి ముక్క పట్టుకుని, ఎవరు గెలిచారో తేల్చుకోలేక, ఒకరి నెత్తి మీద ఒకరు ఆ ముక్కలు కప్పుకున్నారు.

డబ్బా ఆయనకు మడమ బెణికితే, నర్సక్క తడిబట్టలతోనే లేచి, చిరిగిన దుప్పటి అంచు చీల్చి కట్టు కట్టింది. అది చూసి ఏ దెబ్బా తగలనివాళ్ళు కూడా మోచేతులు చాపుకుని వరసలో నిలబడ్డారు. నర్సక్క అందరికీ ముఖం ముడుచుకోకుండా కట్టింది.

మెంతికూర ఆవిడ నా దగ్గరికి వచ్చి కూర్చుంది. నేను చేతులు జోడించి, ఆవిడ నెత్తి మీది పసుపు టోపీ చూపించి, తప్పయిందన్నట్టు చెంపలేసుకున్నాను. ఆవిడ నా బుగ్గ పట్టుకుని గట్టిగానే గిల్లింది. కోపమంతా ఆ గిల్లుడులో పెట్టేసినట్టుంది, ఆ తర్వాత కాల్చిన మొక్కజొన్న పొత్తు విరిచి సగం నాకిచ్చింది. బస్సు వెనకాల తాము ఎలా పరుగెత్తారో చూపించింది. పెద్దాయన అద్దాలు సవరించుకుని తలలు లెక్కపెట్టడం అచ్చం ఆయనలాగే చేసింది. చుట్టూ ఉన్నవాళ్ళు పొట్టలు పట్టుకున్నారు. అది చూసి వదిన లేచి, కర్రపుల్లకు చేతిరుమాలు కట్టి, మా గైడుగారు జెండా పట్టుకుని పొట్ట ముందుకు తోసుకుని నడిచే నడక నడిచింది. ఆయన్ని ఎన్నడూ చూడనివాళ్ళు కూడా గుర్తుపట్టినట్టే నవ్వారు. ప్రతి ఉద్యోగంలోనూ అలాంటివాడొకడు ఉంటాడేమో.

తిరుగు ప్రయాణంలో మెంతికూర ఆవిడ సగం నా ఒళ్ళో, సగం సీట్లో కూర్చుంది. పెద్దావిడ నర్సక్క జడ విప్పి, తువ్వాలుతో తుడిచి మళ్ళీ అల్లింది. వదిన డ్రైవరు పక్కన ఇంజను మీద కూర్చుని, గేరు మార్చినప్పుడల్లా తలాడించి మెచ్చుకుంటోంది. "మంచి చెయ్యమ్మాయ్. క్లచ్చి మీద కాలు ఆనించడు" అని నాకు అక్కణ్ణుంచే కేకేసి చెప్పింది.

వెలుగుండగానే హోటలు దగ్గరికి వచ్చాం. బస్సు మా కోసం మెయిన్‌రోడ్డు వదిలి హోటలున్న ఇరుకు సందులోకి తిరిగింది. గేటు దగ్గర గైడుగారు నిలబడి ఉన్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. చెరువు దగ్గరికి వెళ్ళి వెతికొచ్చాడట. నీలం బస్సు, కిటికీల్లోంచి చేతులు, పాటలు, అందులోంచి మూడు రకాల బురదతో దిగుతున్న మమ్మల్ని చూసి ఆయన నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"ఎక్కడికెళ్ళారమ్మా?" అన్నాడు చివరికి.

"పిక్నిక్‌కండీ" అంది వదిన.

"ఎవరితో?"

"మావాళ్ళతో."

ఆయన బస్సు వంక చూశాడు. మెంతికూర ఆవిడ కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగి, నన్ను చూసి చెయ్యి ఊపుతోంది. డ్రైవరు చెవులు చిల్లులు పడేలా హారను కొట్టి బండి వెనక్కి తీసుకున్నాడు. గైడుగారు గోడకు అతుక్కుపోయి దారిచ్చాడు.

"రేపు మ్యూజియం. నా జెండా కనిపించే దూరంలోనే ఉండాలి. అర్థమైందా?" అన్నాడు, బస్సు కనుమరుగయ్యాక.

"అలాగేనండీ" అంది వదిన, బడిలో తిట్లు తిన్న పిల్లలా నేల చూపులు చూస్తూ.

ఆమె జన్మలో అంత వినయంగా మాట్లాడడం నేను వినలేదు. నర్సక్క ముఖం చూడకూడదనుకుంటూనే చూశాను. ఇద్దరం చెంగులు నోట్లో కుక్కుకుని మెట్లవైపు పరుగెత్తాం. వెనకాలే వదిన కూడా, రెండేసి మెట్లు ఎక్కేస్తూ. గది తలుపు వేసుకుని, బురద బట్టలతోనే మంచాల మీద పడి, దిండ్లలో ముఖాలు దాచుకుని పక్కటెముకలు నొప్పెట్టేదాకా నవ్వాం. మర్నాడు పొద్దున, మోకు లాగిన పుణ్యమా అని, ముగ్గురికీ చేతులు నెత్తి దాకా లేవలేదు. ఒకళ్ళ తల ఒకళ్ళం దువ్వుకుని మ్యూజియానికి వెళ్ళాం.